రీమ్యాప్ అయింది సరే, క్లచ్ సంగతేంటి?

చెన్నైలో కారు రీమ్యాప్ చేయించుకుని (అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్చి బలం పెంచుకుని), నాయుడుపేట దాటి నెల్లూరు వైపు వస్తుంటారు. అయిదో గేరు, ఎనభై స్పీడు. ముందు పోయే కంటెయినర్ లారీని దాటేద్దామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు చటుక్కున లేస్తుంది గానీ స్పీడు ముల్లు ఉన్నచోటే ఉంటుంది. కాసేపటికి కాలిన వాసన. అదే కారును రెండో గేరులో ఆరు వేల ఆర్‌పీఎం దాకా లాగించినా ఏమీ జారదు. దాంతో క్లచ్ బాగానే ఉంది, ఇంకేదో తేడా అనుకునేవాళ్లు కొందరు. షెడ్డుకు తీసుకుపోతే ‘ప్లేటు పోయుండాది అన్నా, కొత్త సెట్టు ఏసేద్దాం’ అంటారు. సామాను అమ్మేవాళ్లు ‘స్టేజ్ 2’ అని పేరున్న గట్టి క్లచ్ వేయమంటారు. కార్ల పిచ్చి ఉన్న స్నేహితుడు రెండు ప్లేట్లుండే ట్విన్ ప్లేట్ తప్ప ఇంకోటి వద్దంటాడు.

మూడూ అబద్ధాలు కావు. కాకపోతే మీ ఇంజిన్ ఎంత టార్క్ (తిప్పే బలం) ఇస్తుందో, మీరు రోజూ ఏ రోడ్డు మీద తిరుగుతారో అడిగి చెప్పిన సలహాలు కావు. నా మాట ముందే చెప్పేస్తాను: వేడెక్కినప్పుడు కూడా మీ టార్క్‌ను జారకుండా పట్టుకోగలిగే క్లచ్‌లలో అన్నిటికంటే మెత్తనిది ఏదో, మీకు కావాల్సింది అదే. గట్టిది కొనడానికి డబ్బుంటే చాలు. ఎంత మెత్తనిదైతే సరిపోతుందో తేల్చుకోవడానికే కాస్త లెక్క కావాలి.

హార్స్‌పవర్ పక్కన పెట్టండి

క్లచ్ మోసేది టార్క్‌ను. పవర్ అంటే ఆ టార్క్‌ను ఇంజిన్ తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది, అంతే. రీమ్యాప్ చేసిన ఒక లీటరు టర్బో పెట్రోల్ ఇంజిన్ 2,000 ఆర్‌పీఎం దగ్గర 225 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు, టార్క్ కొలత) ఇస్తోందనుకుందాం. అక్కడ దాని పవర్ 64 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) మాత్రమే. అదే ఇంజిన్ 5,500 దగ్గర 180 ఎన్‌ఎంకు దిగిపోతుంది, కానీ పవర్ 141 పీఎస్‌కు చేరుతుంది. 64 పీఎస్ దగ్గర జారిన క్లచ్ 141 పీఎస్ దగ్గర జారకపోవడంలో వింతేమీ లేదు. పైగా చిన్న గేర్లలో ఇంజిన్ ఆ 2,000–3,000 మధ్య భాగాన్ని క్షణంలో దాటేస్తుంది, టర్బోకు పూర్తి బూస్ట్ (ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) కట్టే తీరిక కూడా ఉండదు. పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో, ఫుల్ యాక్సిలరేటర్‌లోనే క్లచ్‌కు అసలు పరీక్ష.

ఒంగోలు వైపు బండలాగుడు పందేలు చూసినవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. జత ఎంత బలమైనదైనా గిట్ట జారేది బండను కదిలించే మొదటి గుంజుడులోనే, పరుగు అందుకున్నాక కాదు.

టర్బో కార్లు వచ్చాక ఈ గొడవ ఎక్కువవడానికి కారణం కూడా ఇదే. పాత పెట్రోల్ ఇంజిన్లకు గరిష్ఠ టార్క్ నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర్లో వచ్చేది. ఇప్పుడు స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్చూస్ కార్లలోని 1.0 టీఎస్ఐ టర్బో ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినప్పుడే 178 ఎన్‌ఎం ఇస్తుంది, అదీ 1,750 నుంచే. 1.5 టీఎస్ఐ అయితే 250 ఎన్‌ఎం. ఐ20 ఎన్ లైన్ 172 ఎన్‌ఎంను 1,500 దగ్గరే అందుకుంటుంది. రీమ్యాప్ చేసేవాళ్లు సాధారణంగా పెంచేది కూడా అక్కడే. సీటులోకి తోసినట్టు అనిపించేది ఆ కింది టార్కే కదా, కస్టమర్ సంతోషపడేదీ దానికే.

అందుకని క్లచ్ కొనే ముందు ఖర్చు లేని దారి ఒకటుంది. 1,500 నుంచి 2,500 దాకా టార్క్‌ను కొంచెం తగ్గించి, పైన ఉన్నదాన్ని అలాగే ఉంచమని రీమ్యాప్ చేసిన ట్యూనర్‌ను అడగొచ్చు. మంచి ట్యూనర్‌కు అది గంట పని. కారు పరుగులో మీకు పెద్ద తేడా తెలియదు, క్లచ్‌కు మాత్రం చాలా తెలుస్తుంది. దానికీ ఒప్పుకోకపోతే కనీసం ఓవర్‌టేక్ చేసేటప్పుడు అయిదు నుంచి మూడుకు దింపి తొక్కండి. గేరు మార్చడానికి బద్ధకించి క్లచ్ మార్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

నిజంగా జారుతోందా?

ఊహ మీద గేర్‌బాక్స్ దించొద్దు. కారు కంప్యూటర్‌లోని అంకెలను ఫోన్‌కు పంపే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ తక్కువ ధరకే దొరుకుతుంది, అది ఒకటి పెట్టి, ఆర్‌పీఎం, స్పీడు రెండూ రికార్డు చేయండి. గేరులో ఉన్నంతసేపూ ఈ రెంటి నిష్పత్తి మారకూడదు. అయిదో గేరులో 80 కి.మీ. దగ్గర 2,000 చూపించే కారు 100 దగ్గర 2,500 చూపించాలి. ఫుల్‌గా తొక్కినప్పుడు అదే 100 దగ్గర 2,700 చూపిస్తే ఆ 200 జారుడే. ముక్కుకు వాసన తగిలేలోపే గ్రాఫులో దొరికిపోతుంది. ఈ పరీక్ష ఖాళీ రోడ్డు మీద, ఒకటి రెండుసార్లు చాలు. మాటిమాటికీ చేస్తే పరీక్షే ప్లేటును తినేస్తుంది. 225 ఎన్‌ఎం దగ్గర 300 ఆర్‌పీఎం జారిందంటే ఏడు కిలోవాట్ల వేడి ఆ పల్చటి ప్లేటు దగ్గర పుడుతున్నట్టు లెక్క.

జారుతోందని తేలినా, కారణం ప్లేటు చేతకానితనమే కానక్కర్లేదు. ఇంజిన్ ప్రధాన షాఫ్ట్ అయిన క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కారి ప్లేటుకు నూనె అంటి ఉండొచ్చు. కేబుల్ క్లచ్ అయితే ఫ్రీ ప్లే (పెడల్‌కు ఉండాల్సిన కొద్ది వదులు) లేకుండా బిగించేసి ఉండొచ్చు. హైడ్రాలిక్ అయితే సిలిండర్ పూర్తిగా వెనక్కి రాకుండా క్లచ్‌ను విడిపించే బేరింగ్ ఎప్పుడూ కొంచెం నొక్కే ఉండొచ్చు. వీటిలో ఏదున్నా ఎంత ఖరీదైన క్లచ్ వేసినా మళ్లీ జారుతుంది.

ఎంత పట్టుకుంటుందో కాగితం మీద వేసి చూద్దాం

క్లచ్ పట్టుకోగల టార్క్ నాలుగు అంకెల గుణకారం: ప్లేటును అదిమిపట్టే ప్రెషర్ ప్లేట్ బిగింపు బలం, ప్లేటు మీది పదార్థం రాపిడి గుణకం, ప్లేటు సగటు వ్యాసార్ధం, రాసుకునే ముఖాల సంఖ్య. మామూలు సింగిల్ ప్లేటుకు ముఖాలు రెండు, ఒకటి ఇంజిన్‌తో పాటు తిరిగే బరువు చక్రం, అంటే ఫ్లైవీల్ వైపు, ఒకటి ప్రెషర్ ప్లేట్ వైపు.

ఒక మాదిరి హ్యాచ్‌బ్యాక్ తీసుకుందాం. ప్లేటు బయటి వ్యాసం 215 మి.మీ., లోపలిది 145 మి.మీ. అయితే సగటు వ్యాసార్ధం 90 మి.మీ. బిగింపు 5,000 న్యూటన్లు, ఆర్గానిక్ (కంపెనీ కార్లలో వచ్చే మామూలు రకం) ప్లేటు గుణకం 0.3 అనుకుంటే 270 ఎన్‌ఎం వస్తుంది. మన రీమ్యాప్ టార్క్ 225. ఇంకా 45 మిగిలింది కదా, మరెందుకు జారాలి?

ఎందుకంటే ఆ 0.3 రాతిలో చెక్కిన అంకె కాదు. ప్లేటు వేడెక్కితే పడిపోతుంది. 0.25కు దిగిందనుకోండి, పట్టు సరిగ్గా 225 ఎన్‌ఎంకు వచ్చి ఆగుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు జారని కారు, మధ్యాహ్నం నెల్లూరు వీఆర్సీ సెంటర్ ట్రాఫిక్‌లో అరగంట ఈడ్చి హైవే ఎక్కగానే జారడం ఇందుకే. ఒకసారి జారితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే పట్టు తగ్గుతుంది, ఇంకా జారుతుంది. ఇక్కడి నుంచి ప్లేటు నల్లబడి గాజులా మెరిసిపోవడానికి ఎంతో సమయం పట్టదు.

పట్టు పెంచాలంటే ఆ నాలుగు అంకెల్లో ఏదో ఒకటి పెరగాలి. వ్యాసం పెంచితే వచ్చే లాభం తక్కువ. 215 నుంచి 228 మి.మీ.కు పోయినా పెరిగేది అయిదారు శాతమే, పైగా పెద్ద ప్లేటు మీ ఫ్లైవీల్ మీద, క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్‌లో పట్టాలి. మిగిలినవి మూడు: బిగింపు, పదార్థం, ముఖాల సంఖ్య. మార్కెట్లో దొరికే ప్రతి అప్‌గ్రేడ్ క్లచ్ ఈ మూడింటి కలగలుపే.

బిగింపును 25 శాతం పెంచిన ప్రెషర్ ప్లేట్ వేసి, ప్లేటు మాత్రం ఆర్గానిక్‌గానే ఉంచామనుకుందాం. చల్లగా ఉన్నప్పుడు 337 ఎన్‌ఎం, వేడెక్కి గుణకం 0.25కు పడినా 281. అంటే మనకు కావాల్సిన 225 మీద ఇంకా పాతిక శాతం మిగులు. రీమ్యాప్ చేసిన చాలామంది కథ ఇక్కడితో అయిపోతుంది. ఇంకేమీ అక్కర్లేదు. అయినా ఇంతదూరం వచ్చాక ఆగడం ఎవరికీ ఇష్టం ఉండదు, అది వేరే సంగతి.

ఈ లెక్కలో పెట్టే టార్క్ క్రాంక్ దగ్గరిదై ఉండాలి. డైనో (కారు బలం కొలిచే యంత్రం) మీద చక్రాల దగ్గర కొలిచిన అంకె గేర్‌బాక్స్, షాఫ్టుల నష్టం పోగా మిగిలింది కాబట్టి తక్కువ చూపిస్తుంది. ‘ఈ క్లచ్ 300 హార్స్‌పవర్ దాకా ఆగుతుంది’ అని రాసి ఉన్న డబ్బాను పక్కన పెట్టేయండి. ఏ ఆర్‌పీఎం దగ్గర 300 అనేది చెప్పకపోతే ఆ అంకెతో చేసుకునేదేమీ లేదు.

స్టేజ్ అంకెల వెనక ఏముంది

స్టేజ్ 1, స్టేజ్ 2 అన్నవి ఏ సంస్థా ఖరారు చేసిన ప్రమాణాలు కావు. ఎక్సెడీ అనే కంపెనీ లెక్కలో స్టేజ్ 1 అంటే ఆర్గానిక్, స్టేజ్ 2 అంటే సెరామెటాలిక్ (సెరామిక్, లోహం కలిపినది). స్పెక్ అనే అమెరికా కంపెనీ స్టేజ్ 2 అంటే కెవ్లార్ అనే గట్టి నార. మీ రీమ్యాప్ స్టేజ్ 2 కాబట్టి క్లచ్ కూడా స్టేజ్ 2 ఉండాలనే మాట విన్నారా? రెంటికీ ఏ సంబంధమూ లేదు. డబ్బా మీది అంకె వదిలేసి ప్లేటు మీద ఏం పదార్థం ఉందో, ప్లేటు మధ్యలోని హబ్‌కు స్ప్రింగులు ఉన్నాయో లేవో, ప్రెషర్ ప్లేట్ బిగింపు ఎంతో అడగండి.

ఆర్గానిక్ అంటే కంపెనీ కార్లలో వచ్చేదే. గాజు నార, రాగి తీగ, రబ్బరు, రెసిన్ కలిపి ఒత్తిన పట్టీ. మెత్తగా అందుకుంటుంది, శబ్దం ఉండదు, ఫ్లైవీల్‌ను తినదు. సుమారు 250 డిగ్రీలు దాటాక రెసిన్ చెడడం మొదలవుతుంది, కాలిన వాసన దానిదే. ఒకసారి కొంచెం కాలినా, చల్లారాక చాలావరకు తేరుకుంటుంది. ఈ గుణానికి రావాల్సినంత పేరు రాలేదని నా ఫిర్యాదు.

కెవ్లార్ సంగతి వేరు. ఆయుష్షు ఎక్కువ, అందుకోవడం కూడా మెత్తగానే. కానీ రన్నింగ్-ఇన్ (కొత్త ప్లేటు ఒదిగేదాకా మెత్తగా నడపడం) విషయంలో మొండిది, ఓపిగ్గా చేయకపోతే ఎప్పటికీ పూర్తి పట్టు ఇవ్వదు. బాగా వేడెక్కి ఒకసారి గాజుబారిందంటే ఆర్గానిక్‌లా తేరుకోదు. హైవే మీదే ఎక్కువ తిరిగేవాళ్లకు బాగుంటుంది. ఊళ్లో హాఫ్ క్లచ్ మీద బతికేవాళ్లకు నేను చెప్పను.

ఇక సెరామిక్. దీన్ని నెల్లూరు, ప్రకాశం రైతులకు ఎవరూ పరిచయం చేయక్కర్లేదు. ట్రాక్టర్ క్లచ్ దించినప్పుడు గుండ్రటి పట్టీ బదులు విడివిడిగా బిళ్లలు అతికించిన ప్లేటు బయటపడుతుందే, అదే కుటుంబం. రాగి, ఇనుము పొడులతో సెరామిక్ కలిపి కాల్చి చేసిన బిళ్లలు. రాపిడి గుణకం 0.4 అటూఇటూ ఉంటుంది, ఆర్గానిక్ చచ్చిపోయే వేడిలో కూడా పట్టు వదలదు. మన లెక్కలో బిగింపు మార్చకుండా గుణకం ఒక్కటి 0.42 చేస్తే 378 ఎన్‌ఎం వచ్చేస్తుంది.

వినడానికి ఇంత బాగుంటే కార్లన్నిటికీ అదే వేయొచ్చుగా? ట్రాక్టర్‌లో క్లచ్ వదలగానే బండి ఒక కుదుపు కుదిపి కదిలినా ఎవరికీ పట్టదు. ట్రాలీ నిండా ధాన్యం ఉంది, కదిలితే చాలు. కారులో వెనక సీటులో అమ్మానాన్నలు కూర్చుని ఉంటారు. సెరామిక్ అందుకుంటే పూర్తిగా అందుకుంటుంది, లేకపోతే లేదు, మధ్యలో బేరం తక్కువ. పార్కింగ్‌లో వెనక్కి తీసుకునేటప్పుడు, స్పీడ్ బ్రేకర్ ఎక్కించేటప్పుడు కారు వణుకుతుంది. దీనికి సగం కారణం పదార్థమైతే మిగతా సగం ప్లేటు కట్టుబడి. ఆర్గానిక్ ప్లేటులో రెండు పట్టీల మధ్య అలలా వంచిన పల్చటి ఉక్కు రేకు ఉంటుంది. పెడల్ వదులుతుంటే అది మెల్లగా నొక్కుకుంటూ పట్టును కొద్దికొద్దిగా పెంచుతుంది. బిళ్లల ప్లేట్లలో చాలావాటికి ఆ మెత్తదనం ఉండదు.

బిళ్లల విషయంలో ఒక అపోహ బాగా ప్రచారంలో ఉంది. బిళ్లలు తక్కువగా ఉంటే ఒక్కోదాని మీద ఒత్తిడి పెరిగి పట్టు పెరుగుతుందంటారు. పెరగదు. పైన చెప్పిన నాలుగు అంకెల్లో వైశాల్యం లేనే లేదు చూడండి. మూడు బిళ్లలైనా ఆరు బిళ్లలైనా పదార్థం, బిగింపు, వ్యాసార్ధం ఒకటే అయితే పట్టు ఒకటే. బిళ్లలు తగ్గితే ప్లేటు బరువు తగ్గి గేరు త్వరగా పడుతుంది, ట్రాక్ మీద దానికి విలువుంది. రోడ్డు మీద మాత్రం ప్రతి బిళ్ల ఎక్కువ వేడి మోసి త్వరగా అరుగుతుంది, అంతే లాభం. తప్పనిసరై సెరామిక్‌కు పోయినా ఆరు బిళ్లలు, స్ప్రింగ్ హబ్ ఉన్నది తీసుకోండి. మధ్యలో స్ప్రింగులు లేని సాలిడ్ హబ్ ప్లేటు రోజూ ఆఫీసుకు పోయే కారులో వేయడం గేర్‌బాక్స్‌ను చేజేతులా హింసించడమే.

ట్విన్ ప్లేట్ గురించి ఎక్కువ చెప్పను. ముఖాలు రెండు బదులు నాలుగు, కాబట్టి అదే బిగింపుతో, అదే మెత్తటి పదార్థంతో పట్టు రెట్టింపు. పెడల్ బరువెక్కదు. ఇంజినీరింగ్ పరంగా అన్నిటికంటే అందమైన పరిష్కారం, ఖరీదులో అన్నిటికంటే ఘోరం. మన ఉదాహరణలో 225 ఎన్‌ఎం కోసం 540 పట్టుకునే క్లచ్ కొన్నట్టవుతుంది. నాలుగైదు వందల ఎన్‌ఎం దాటిన కార్ల యజమానులు దాని గురించి ఆలోచించుకుంటారు.

పెడల్ బరువెక్కితే మోసేది కాలొక్కటే కాదు

బిగింపు పెంచిన ప్రెషర్ ప్లేట్ తేలికైన దారి అన్నాను గానీ దానికీ కట్టాల్సిన కప్పం ఉంది. రొట్టెల పండగ రోజుల్లో దర్గామిట్ట వైపు ఇరుక్కుంటే, లేదా సాయంత్రం ఒంగోలు ట్రంకు రోడ్డులో అడుగడుగునా ఆగుతుంటే, ఎడమ పిక్క ఆ సంగతి చెబుతుంది. పెడల్ తొక్కినప్పుడు పుట్టే బలం రిలీజ్ బేరింగ్ మీదుగా క్రాంక్‌షాఫ్ట్‌ను ముందుకు తోస్తుంది. ఆ తోపును కాచుకునేవి క్రాంక్ దగ్గరుండే థ్రస్ట్ బేరింగులు, చిన్న అర్ధచంద్రాకారపు ముక్కలు. స్ప్రింగ్ గట్టిదైతే వాటి మీద భారం ఎక్కువ. సిగ్నల్ దగ్గర గేరులో ఉంచి పెడల్ తొక్కిపట్టుకుని కూర్చునే అలవాటుంటే గట్టి ప్రెషర్ ప్లేట్ వేశాక దాన్ని మానుకోవాలి, న్యూట్రల్ చేసి కాలు తీసేయాలి. అందుకే 25–30 శాతం పెంపు సరే గానీ, ఆర్గానిక్ ప్లేటుతోనే అంతా సాధిద్దామని బిగింపును 80, 100 శాతం పెంచేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ఎండ కాదు, తీరిక లేకపోవడం

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నెల్లూరులో కారు నడిపితే క్లచ్‌కు ఎండే శత్రువని అనిపిస్తుంది. నిజానికి బయట 30 డిగ్రీలున్నా 45 ఉన్నా తేడా పదిహేనే. వందల డిగ్రీలకు పోయే ప్లేటు పైపొరకు ఆ పదిహేను పెద్ద లెక్క కాదు. క్లచ్‌ను కాల్చేది ఒక స్టార్టుకూ ఇంకో స్టార్టుకూ మధ్య చల్లారే తీరిక దొరక్కపోవడం.

1,100 కిలోల కారు నిలబడిన చోటు నుంచి గంటకు 15 కి.మీ. వేగం అందుకునే దాకా క్లచ్ జారుతూ అందుకుంటుంది. ఆ కాసేపట్లో కారుకు వచ్చిన గతిశక్తి ఎంతో, దాదాపు అంత శక్తీ క్లచ్‌లో వేడిగా మారుతుంది. ఇక్కడ అది తొమ్మిదిన్నర కిలోజౌళ్లు. సగం ఫ్లైవీల్‌కు, సగం మూడు కిలోల ప్రెషర్ ప్లేట్‌కు పోయిందనుకుంటే ప్రెషర్ ప్లేట్ ఒక్కో స్టార్టుకు మూడు డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. వెంకటాచలం టోల్ దగ్గరో టంగుటూరు టోల్ దగ్గరో పండగ రద్దీలో నిమిషానికి నాలుగు సార్లు కదిలించి ఆపుతూ పోండి. బెల్ హౌసింగ్ మూసిన డబ్బా, లోపలికి గాలి ఆడేది అంతంతమాత్రం. అదే కారును డ్రాగ్ రేసులో లాగా ఆర్‌పీఎం ఎక్కించి 30 కి.మీ. దాకా జారిస్తే వేడి నాలుగు రెట్లు, ఎందుకంటే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో ఆర్టీసీ బస్సు వెనక హాఫ్ క్లచ్ మీద పాకడం ఇంకా చెడ్డది. అక్కడ కారు వేగం అందుకోదు, శక్తంతా కొండ ఎక్కడానికీ ప్లేటు కాలడానికీ పోతుంది.

కాబట్టి క్లచ్ ఎంచుకునేటప్పుడు మీ వారం ఎలా గడుస్తుందో చూసుకోండి. నెల్లూరు నుంచి ఒంగోలు రోజూ హైవే మీద పోయొచ్చేవాళ్ల క్లచ్‌కు టార్క్ ఒక్కటే సమస్య. ఊళ్లోనే తిరిగే కారుకు వేడి, మెత్తదనం రెండూ సమస్యలే. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మన జిల్లాకు పక్కనే ఉన్నట్టు లెక్క, ట్రాక్ డేలకు తరచూ పోయేవాళ్లకు సెరామిక్ అర్థవంతం. ఏడాదికి ఒకసారి పోదామనుకునేవాళ్లు ఆ ఒక్క రోజు కోసం మిగతా ఏడాదంతా వణికే కారు నడపడం నాకైతే నచ్చదు.

ఫ్లైవీల్, దాని అవతలి వాళ్లు

చాలా టర్బో డీజిల్ కార్లలో, కొన్ని టర్బో పెట్రోల్ కార్లలో ఫ్లైవీల్ ఒకే ముక్క కాదు. రెండు చక్రాలు, మధ్యలో పొడవాటి వంపు స్ప్రింగులు ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. లూక్ కంపెనీ 1985లో దీన్ని ఉత్పత్తి కారుల్లోకి తెచ్చింది. ఇంజిన్ పేలుళ్ల కుదుపు గేర్‌బాక్స్‌కు చేరకుండా ఆ స్ప్రింగులు మింగేస్తాయి. మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ఈ మింగుడు ఇంకా ముఖ్యం. 1,500 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్లది సెకనుకు 50 పేలుళ్లు, మూడింటిది 37 చిల్లర. తక్కువ పేలుళ్లంటే ఒక్కోటి దూరదూరంగా, దెబ్బలా తగులుతుంది.

రీమ్యాప్ టార్క్ మరీ పెరిగితే ఆ స్ప్రింగులు చివరిదాకా నొక్కుకుపోయి చక్రాలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. ఇంజిన్ ఆపేటప్పుడు టకటకమనే శబ్దం దానికి మొదటి ఆనవాలు. అప్పుడు చాలామంది ఒకే ముక్కగా ఉండే సింగిల్ మాస్ ఫ్లైవీల్ కిట్‌కు మారిపోతారు. మారొచ్చు, కానీ కుదుపు మింగే పని ఇప్పుడు ప్లేటు మధ్యలోని నాలుగైదు చిన్న స్ప్రింగుల మీద పడుతుంది, వాటికి అంత కదలిక ఉండదు. న్యూట్రల్‌లో గేర్లు గలగలమంటాయి, ఏసీ వేయగానే ఐడిల్‌లో వణుకు తెలుస్తుంది. ఆ కిట్‌తో సాలిడ్ హబ్ ప్లేటు కూడా వేశారంటే ఇక చెప్పక్కర్లేదు. ఫ్లైవీల్ ఎంత తేలికైతే అంత మంచిదనే మాట కూడా రోడ్డు కారుకు చెల్లదు. ఊళ్లో మెత్తగా కదలడానికి ఆ బరువే ఆసరా, వేడిని దాచుకునేదీ ఆ ఇనుమే.

ఇంకో లెక్క గేర్‌బాక్స్‌ది. క్లచ్ ఒక ఫ్యూజు లాంటి పని కూడా చేస్తుంది, దెబ్బ ఎక్కువైతే జారి మిగతావాటిని కాపాడుతుంది. అది జారడం మానేస్తే దెబ్బ గేరు పళ్ల మీద, డ్రైవ్‌షాఫ్ట్ జాయింట్ల మీద, ఇంజిన్ మౌంట్ల మీద పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ మాన్యువల్ గేర్‌బాక్సుల పేర్లలోనే పరిమితి దాదాపు రాసి ఉంటుంది: ఎంక్యూ200, ఎంక్యూ250, ఎంక్యూ350. ఆ అంకెలు ఎన్‌ఎంలే. 200 పేరున్న గేర్‌బాక్స్ వెనక 378 పట్టుకునే క్లచ్ వేస్తే తర్వాత పోయేది ఏదో ఊహించడం కష్టం కాదు. కంపెనీలే ఈ లెక్కకు తలొగ్గుతాయి. 2016లో వచ్చిన స్కోడా సూపర్బ్ 1.8 టీఎస్ఐ మాన్యువల్‌లో 320 ఎన్‌ఎం ఇచ్చేది, డీఎస్‌జీ ఆటోమేటిక్‌లో 250 దగ్గరే ఆపేశారు. అందులోని ఏడు గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్స్ పరిమితి అదే మరి. ఆ డ్రై డీఎస్‌జీ ఉన్న కారులో రీమ్యాప్ చేయించాలంటే పదిసార్లు ఆలోచించండి, అక్కడ ప్లేటు మార్చడం షెడ్డులో తేలే పని కాదు.

చట్టం మాట రెండు ముక్కల్లో: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలకూ కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్‌కూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. వారంటీ ఉన్న కారుకు రీమ్యాప్ చేయిస్తే ఇంజిన్, గేర్‌బాక్స్ మీద కంపెనీని అడిగే మాట పోయినట్టే అనుకోండి, బీమా పేచీ అదనం.

బిగించేటప్పుడు

గేర్‌బాక్స్ దించడానికే కూలీ. ఎలాగూ దించారు కాబట్టి రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీల్, బెల్ హౌసింగ్ లోపల ఉండే రకమైతే ఆ బేరింగ్‌ను తోసే స్లేవ్ సిలిండర్, అన్నీ కొత్తవి వేయించండి. వందల్లో పోయే సీల్‌ను పొదుపు చేసి వేలల్లో పోయే ప్లేటును నూనెలో ముంచొద్దు. పాత ఫ్లైవీల్ మీద కొత్త ప్లేటు అలాగే వేసేస్తామంటే ఒప్పుకోకండి. సింగిల్ మాస్ అయితే లేత్‌లో ఫేసింగ్ చేయించాలి. ఫ్లైవీల్‌కు మెట్టు ఉంటే ప్లేటు కూర్చునే ముఖాన్ని ఎంత కోశారో ప్రెషర్ ప్లేట్ బిగించే ముఖాన్నీ అంతే కోయాలి, లేకపోతే బిగింపు లెక్కంతా తారుమారవుతుంది. డ్యూయల్ మాస్‌ను మాత్రం సాధారణంగా లేత్‌కు పెట్టరు, పోయిందంటే మార్చడమే. ప్లేటు కూర్చునే షాఫ్ట్ పళ్లకు (స్ప్లైన్లకు) గ్రీజు చాలా పల్చగా రాయాలి. ఎక్కువైతే తిరిగేటప్పుడు చిమ్మి ప్లేటు మీదే పడుతుంది. ఫోర్డ్, ఫోక్స్‌వ్యాగన్ లాంటి కార్లలో కొన్నిటికి అరుగుదలను బట్టి తనంతట తాను సర్దుకునే ప్రెషర్ ప్లేట్ వస్తుంది. దాన్ని బిగించడానికి ప్రత్యేక టూల్ ఉంటుంది. అది లేకుండా బోల్టులు బిగిస్తూ పోతే లోపలి రింగు అప్పుడే తిరిగిపోయి, కొత్త క్లచ్ మొదటి రోజే అరిగిన క్లచ్‌లా ప్రవర్తిస్తుంది. టూల్ ఉందా అని ముందే అడిగితే తప్పేమీ లేదు.

తర్వాత రన్నింగ్-ఇన్. సాధారణంగా 800 కి.మీ. అంటారు, కెవ్లార్‌కు ఇంకా ఎక్కువ. ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. ప్లేటు, ఫ్లైవీల్ ఒకదానికొకటి ఒదిగేది క్లచ్ తొక్కి వదిలినప్పుడే, అయిదో గేరులో పరుగెత్తేటప్పుడు కాదు. నెల్లూరు నుంచి విశాఖ దాకా హైవే మీద పోయొచ్చి కిలోమీటర్లు అయిపోయాయంటే కుదరదు, ఆ దూరంలో క్లచ్ నిజంగా పని చేసింది టోల్ గేట్ల దగ్గరే. ఊళ్లోనే నడపండి, మెత్తగా, బూస్ట్ పూర్తిగా ఎక్కనివ్వకుండా. కుదిరితే అన్నాళ్లూ కంపెనీ మ్యాప్ వేయించుకోండి. మొదటి కొన్ని రోజులు కొంచెం వాసన, మొదటి గేరులో చిన్న వణుకు సహజమే. 800 దాటినా వణుకు అలాగే ఉంటే ప్లేటును తిట్టుకోకముందు లేత్‌లో ఫ్లైవీల్ ముఖం సమంగా వచ్చిందో లేదో కొలిపించండి.